ముందు ఎవరి వీధి?

భిలాయిలో మంచు పడదు. జనవరి తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగిందంటే ఫస్ట్ షిఫ్ట్‌కి పోయేవాళ్లు మంకీ క్యాపులు దిగలాగి, మఫ్లర్లు చుట్టుకుని మెయిన్ గేటు దారి పడతారు. మా చలి అంతవరకే. మన వైపు లంబసింగిని ఆంధ్రా కాశ్మీరం అంటారు గానీ, అక్కడ గడ్డి మీద తెల్లగా కనబడేది కూడా పారతో ఎత్తాల్సిన సరుకు కాదు, ఎండ రాగానే పోతుంది.

అయినా ఈ నెలలో మా టౌన్‌షిప్‌లో ఏ క్వార్టర్ ముందు ఆగినా లోపలినుంచి మంచు కబుర్లే వినబడతాయి. పిల్లలు టొరంటోలో, షికాగోలో, ఎడిసన్‌లో ఉన్నారు. "ఎంత పడిందమ్మా?" "బండి బయటికి తీశారా?" "నువ్వు తవ్వకు నాయనా, నడుం పట్టేస్తుంది, డబ్బులిస్తే ఎవరైనా రారా?" సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర సాయంత్రం కూర్చునే మా ముసలి బృందానికి ఒటావాలో ఎన్ని సెంటీమీటర్లు పడిందో తెలుసు, మా పక్క స్ట్రీట్‌లో కాలువ ఎప్పుడు తీస్తారో తెలీదు. దీని మీదే నాకు నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

నేను భిలాయి స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో పనిచేసి రిటైరైనవాడిని. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ప్లాంటు కడుతున్న రోజుల్లోనే వచ్చాడు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ వాళ్లతో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించడం, ఇవి మా ఇంట్లో పుట్టినరోజుల్లాగా అందరికీ కంఠస్థం. కాబట్టి రోడ్డు చూసినా, వంతెన చూసినా ఉక్కువాడి కళ్లతోనే చూస్తాను. మా అమ్మాయి దగ్గరికి కెనడా వెళ్లినప్పుడు కూడా నయాగరా కంటే ఎక్కువసేపు చూసింది ఆ ఊళ్లో రోడ్లు ఊడ్చే పద్ధతినే.

ఆ అమ్మాయి వాళ్లుండేది టొరంటోలో స్కార్బరో వైపు. ఒక రాత్రి బ్లేడు రోడ్డును గీరుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే పసుపుపచ్చ దీపం తిప్పుకుంటూ మంచు తోసే బండి, ప్లౌ, పోతోంది. పొద్దున లేచాక అల్లుడు ఫోన్‌లో నగరపాలక సంస్థ మ్యాపు చూపించాడు. "చూశారా మావయ్యగారూ, ఏ ప్లౌ ఎక్కడుందో ఇందులో తెలుస్తుంది." తెలిసింది. దానికంటే నాకు నచ్చిన సంగతి మరొకటుంది. పెద్ద రోడ్లకు ఎంత మంచు పడితే బండి బయల్దేరాలి, లోపలి వీధుల్లోకి ఎప్పుడు రావాలి అన్నది ముందే రాసి పెట్టుకున్నారు. వీధుల్లోకి దాదాపు 8 సెంటీమీటర్లు పడితేగానీ రాదు. అందుకే ఏడు పడ్డ రోజున కౌన్సిలర్‌కి ఫోన్ చేసి అరిచేవాడు ఉండడు. తనకెప్పుడు రాదో కూడా వాడికి తెలుసు.

అదంతా సుఖమేమీ కాదు. ప్లౌ రోడ్డు మీది మంచును పక్కకు నెట్టి ప్రతి ఇంటి వాకిలి ముందూ ఒక గట్టు వేసి పోతుంది. అప్పుడే తవ్వి కారు తీసే దారి చేసుకున్నవాడికి మళ్లీ పని. ఆ గట్టు మెత్తగా ఉండదు, రోడ్డు మీద నలిగి, తడిసి, రాయిలా బిగుసుకుంటుంది. గుండె జబ్బున్నవాళ్లు దాన్ని ఎత్తబోయి పడిపోవడం ఆ దేశాల్లో ప్రతి చలికాలం వినే వార్త. టొరంటోలో కొన్ని ప్రాంతాలకు, స్కార్బరో వాటిలో ఒకటి, ఆ గట్టును కూడా నగరపాలక సంస్థే తీసే ఏర్పాటుంది. ఫుట్‌పాత్‌ల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒకప్పుడు పాత నగరంలో ఎవరి ఇంటి ముందు ఫుట్‌పాత్ వాళ్లే, మంచు ఆగిన 12 గంటల్లోపు, తీయాలని నిబంధన ఉండేది. 2021-22 చలికాలం నుంచి దాదాపు అన్నీ నగరమే తీస్తోంది.

మనవాళ్లు చాలామంది, ముఖ్యంగా పౌరబాధ్యత మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు, పాత పద్ధతినే మెచ్చుకుంటారు. ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకుంటే ఊరంతా శుభ్రం అంటారు. నేను ఒప్పుకోను. మూడో ఇంట్లో ఎనభై ఏళ్ల ఒంటరి ముసలావిడ ఉంటే? నాలుగో ఇల్లు తాళం వేసి ఉంటే? ఫుట్‌పాత్ అనేది పొడవునా తెరిచి ఉంటేనే ఫుట్‌పాత్. రెండిళ్ల ముందు ఐస్ ఉంటే, తోపుడుబండిలో పసిపిల్లను తీసుకుపోయే తల్లి రోడ్డు మీదికి దిగాల్సిందే. అందరి పుణ్యం మీద ఆధారపడే పనిలో ఒక్కడు ఎగ్గొట్టినా మిగతావాళ్ల పని దండగ. వీధి ఊడ్చే పనిని సంస్థే చేపట్టాలి, దానికి పన్ను కట్టాలి, చేయకపోతే నిలదీయాలి. 2025 ఫిబ్రవరిలో వారం పది రోజుల్లో యాభై సెంటీమీటర్లకు పైగా మంచు పడి టొరంటో ఫుట్‌పాత్‌లు రోజుల తరబడి పూడిపోయినప్పుడు జనం నిలదీశారు కూడా. నిలదీయడానికి వాళ్ల చేతిలో ఒక కొలత ఉంది, ఇన్నాళ్లలో తీస్తామన్నారు, తీయలేదు అని. మన దగ్గర తిట్టు ఉంటుంది, కొలత ఉండదు.

మాంట్రియల్‌లో మరో తమాషా. అక్కడ మంచును పక్కకు నెట్టి వదిలేస్తే చలికాలం సగానికే వీధి మూసుకుపోతుంది. అందుకని లారీలకెత్తి తీసుకుపోతారు. ఎత్తేముందు వీధిలో సైరన్ మోగుతుంది. ఇంకా బండి తీయనివాడి బండిని క్రేను లాక్కుపోతుంది. రోడ్లూ ఫుట్‌పాత్‌లూ కలిపి దాదాపు 10,000 కిలోమీటర్లు, ఖర్చు ఏటా సుమారు 20 కోట్ల కెనడా డాలర్లు. ఎత్తిన మంచులో పెద్ద వాటా ఫ్రాంకోన్ అనే పాత క్వారీలో పోస్తారు. మురికి పట్టి నల్లబడ్డ ఆ గుట్ట ఎండాకాలంలో కూడా కరుగుతూనే ఉంటుంది. సైరన్ అంటే మా ఊరివాళ్లకు అలవాటే గనుక ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది.

ఉప్పు దగ్గరికొస్తే మాత్రం నా మనసు ఒప్పదు.

మంచు మీద ఉప్పు ఎందుకు చల్లుతారో బడిపిల్లలకూ తెలుసు. ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు. లెక్క ప్రకారం మైనస్ 21 దాకా పనిచేయాలి, రోడ్డు మీద వాస్తవంలో మైనస్ పది దాటితే చాలావరకు చేతులెత్తేస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడో, ఇసుకో వాడతారు. కొన్ని ఊళ్లలో షుగర్‌బీట్ రసం కూడా కలుపుతారు, అది జిడ్డుగా రోడ్డుకి అంటుకుని ఉంటుందట. కెనడా ఏటా దాదాపు 50 లక్షల టన్నుల ఉప్పు రోడ్ల మీద పోస్తుంది. మా ప్లాంటు ఏడాదికి తీసే ఉక్కు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. దల్లీ రాజహరా కొండల్లోంచి మాకు ఇనుపరాయి వచ్చినట్టు వాళ్లకు ఒంటారియోలో గోడ్‌రిచ్ దగ్గర, హ్యూరాన్ సరస్సు అడుగున, అర కిలోమీటరుకు పైగా లోతున్న గనిలోంచి ఉప్పు వస్తుంది. భూగర్భ ఉప్పుగనుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే.

ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? కొంత వాగుల్లోకి, చెరువుల్లోకి. రోడ్డు ఉప్పు పర్యావరణానికి హానికరమని కెనడా ప్రభుత్వమే 2001లో తేల్చింది. కొంత కార్ల చక్రాలకంటుకుని పార్కింగుల్లోకి, వంతెనల కీళ్లలోకి. కాంక్రీటు గట్టిదనుకుంటాం గానీ దానికి సన్న రంధ్రాలుంటాయి. ఉప్పునీళ్లు వాటిలోంచి దిగి లోపలి కడ్డీని పట్టుకుంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉన్నచోట ఉండదు, రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. బయటికి ముందు ఒక ఎర్ర చార, తర్వాత ఒక పెచ్చు, తర్వాత ఏమవుతుందో ఒంటారియోలోని ఎలియట్ లేక్ అనే చిన్న ఊరు చూసింది. అక్కడ ఆల్గో సెంటర్ అనే మాల్‌కి పార్కింగ్ పైకప్పు మీద ఉండేది. కట్టినప్పటినుంచీ నీళ్లు కారేవి. చలికాలమంతా కార్లతో వచ్చిన ఉప్పు ఆ నీళ్లతో పాటు దిగి, ఏళ్ల తరబడి ఉక్కు దూలాల అతుకుల్ని తినేసింది. 2012 జూన్ 23న పైకప్పులో ఒక భాగం కూలి ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. కూలింది జూన్‌లో, అంటే మంచు లేని నెలలో. ఉప్పు చేసిన పని ఉప్పు చల్లిన రోజున కనబడదు.

ఉక్కు తీసేవాళ్లం మేము. మా చేతుల మీదుగా వెళ్లిన కడ్డీ, పట్టా వందేళ్లు నిలవాలని కోరుకుంటాం. ఒక వీధిలో ఒక రాత్రి జారకుండా ఉండటానికి వంతెన ఆయుష్షులోంచి ఇన్నేళ్లు కోసేయడం నాకు మంచి బేరంలా కనబడదు. ఫిన్లండ్, స్వీడన్ లాంటి చోట్ల ఫుట్‌పాత్‌ల మీద చిన్న కంకర చల్లుతారు. వసంతం రాగానే అదంతా ఊడ్చాలి, దుమ్ము లేస్తుంది, దగ్గులొస్తాయి. ఏదీ ఉచితం కాదనుకోండి. అయినా దుమ్మును ఊడ్చవచ్చు, కాంక్రీటు లోపలికి దిగిన ఉప్పును ఊడ్చలేరు.

జపాన్‌వాళ్లు నీళ్లతో ప్రయత్నించారు. నిగాతా వైపు నాగావోకా అనే ఊళ్లో 1961 నుంచి రోడ్డు మధ్యలో గొట్టం వేసి, దాని రంధ్రాల్లోంచి భూగర్భజలం చిమ్ముతారు. భూమి లోపలి నీళ్లు చలికాలంలోనూ పదమూడు పద్నాలుగు డిగ్రీలుంటాయి కదా, మంచు పడ్డది పడ్డట్టు కరిగిపోతుంది. ఆ నీళ్లలో ఇనుము ఉంటుంది. అందుకని ఆ ఊరి రోడ్లన్నీ ఎర్రగా తుప్పురంగులో ఉంటాయి. ఫొటోలు చూసి నవ్వుకున్నాను, మా రాజహరా రోడ్లే! అయితే ఆ ప్రాంతంలో అందరూ తోడడం మొదలుపెట్టేసరికి కొన్నిచోట్ల నేల కుంగింది. తర్వాత తోడటానికి హద్దులు పెట్టుకోవాల్సి వచ్చింది. బోర్లు వేసి వేసి అడుగంటిన జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ప్లాంటు మనిషిగా నాకు బాగా నచ్చిన ఊరు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని హాలండ్. 1988 నుంచి అక్కడ విద్యుత్ కేంద్రంలో వృథాగా పోయే వేడినీళ్లను నడివీధుల కింద గొట్టాల్లో తిప్పుతున్నారు. ఎంత మంచు పడినా బజారు ఫుట్‌పాత్‌లు పొడిగా ఉంటాయి. పార లేదు, ఉప్పు లేదు. మాస్కోలో మురుగునీళ్ల వెచ్చదనంతో మంచు కరిగించే కేంద్రాలున్నాయి. రేక్యవిక్‌లో భూతాపంతో ఇళ్లు వేడెక్కించిన నీళ్లు తిరుగుదారిలో ఫుట్‌పాత్‌ల కింద పారతాయి. వేడిని పారేయడం అంటే ఏమిటో బ్లాస్ట్ ఫర్నేస్ పక్కన బతికినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! నలభై అయిదు డిగ్రీల మే నెలలో మాకు దాంతో పని లేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు స్వీడన్‌లోని ఇంకో ఊరు. దాని పేరు కార్ల్‌స్కోగా. మీకు తెలీదనుకుంటున్నారు గానీ తెలుసు: బోఫోర్స్ ఫిరంగులు పుట్టిన ఊరు. మా ఊరిలాగే ఇనుము మీద, కార్ఖానా మీద బతికిన ఊరు. అక్కడ మంచు తీసే వరుస చాలా ఏళ్లు మామూలుగానే ఉండేది. ముందు పెద్ద రోడ్లు, కార్ఖానాలకు పోయే దారులు, తర్వాత చిన్న వీధులు, చివర ఫుట్‌పాత్‌లు, సైకిల్ దారులు. ఒకసారి ఎవరో కూర్చుని ఆలోచించారు, ఈ వరుస ఎవరికి అనుకూలం అని. పొద్దున్నే కారులో కార్ఖానాకు పోయే మగవాళ్లకు. పిల్లల్ని బడికి దింపి, బస్సెక్కి, నడిచి పనికి పోయే ఆడవాళ్లకు చివరి వంతు. పైగా మంచులో జారి ఎముకలు విరగ్గొట్టుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్లలో నడిచేవాళ్లే ఎక్కువ. ఐదు సెంటీమీటర్ల మంచులో కారు పోగలదు, తోపుడుబండి పోలేదు. వరుస తిరగేశారు: ముందు పిల్లల బడుల చుట్టూ, నడక దారులు, బస్టాపులు, తర్వాత పెద్ద రోడ్లు. అవే బండ్లు, అవే మనుషులు. స్టాక్‌హోమ్ కూడా ఆ దారి పట్టింది. 2016 నవంబరులో అక్కడ ఒక్కసారిగా భారీ మంచు పడి రాకపోకలు స్తంభించినప్పుడు దీన్నే వేలెత్తి చూపి ఎగతాళి చేసినవాళ్లున్నారు. అది న్యాయమైన ఎగతాళి కాదని నా అభిప్రాయం. అంత మంచుకు ఏ వరుసా నిలవదు.

కార్ల్‌స్కోగా సంగతి చదివినప్పుడు నేను మా ఊరి మ్యాపు ముందేసుకుని చూశాను. మా సెంట్రల్ అవెన్యూ ఎప్పుడూ అద్దంలా ఉంటుంది. ప్లాంటు గేట్లకు పోయే దారులూ అంతే. ప్లాంటు కోసం కట్టిన ఊరు, ముందు ఆ దారులే వెయ్యాలి, వేశారు. సరే. సెక్టార్ 9 ఆసుపత్రికి రాత్రిపూట ఖుర్సీపార్ బస్తీ నుంచి రావాల్సిన గర్భిణి ఏ దారిన వస్తుంది? ఆ దారి వరుసలో ఎన్నోది? వరుసంటూ ఉంటేనే ఈ ప్రశ్న అడగగలం.

వరుస లేని ఊళ్ల గతి 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చూపించింది. అర్వింగ్, ఫ్రిస్కో, ప్లానో, మన తెలుగు ఇళ్లు వీధులకు వీధులున్న చోట్లు. ఎండకు అలవాటుపడ్డ రాష్ట్రం, మంచు తీసే బండ్లు నామమాత్రం. ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో హైవే మీద సన్నని ఐసుపొర ఏర్పడి 130కి పైగా వాహనాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆరుగురు పోయారు. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకే కరెంటు పోయింది. ఆ తుపానులో మొత్తం 246 మంది చనిపోయారని రాష్ట్రమే లెక్క చెప్పింది. మా సెక్టార్లలో ఆ వారం ఎవరికీ నిద్ర లేదు. పిల్లలు పొయ్యి దగ్గర దుప్పట్లు కప్పుకుని ఫోన్ చేశారు, బ్యాటరీ అయిపోతుందని పెట్టేశారు. పదేళ్లకోసారి వచ్చే మంచుకు వందల ప్లౌలు కొనిపెట్టమని ఎవరూ అనరు. మంచు పడబోతోందన్న కబురు ముందే వచ్చిన రోజున ఏ వంతెన మూయాలి, ఎవరు మూయాలి అన్న కాగితానికి ఖర్చేముంది?

మన దేశంలో మంచు తీసే పని చూడాలంటే జోజీ లా చూడాలి. శ్రీనగర్ నుంచి కార్గిల్, లేహ్ పోయే దారిలో 11,500 అడుగులకు పైన ఉన్న కనుమ అది. ఒకప్పుడు చలికాలం అయిదారు నెలలు మూతపడేది. 1960లో ఏర్పడ్డ బోర్డర్ రోడ్స్ సంస్థ వాళ్లు రెండు వైపులనుంచీ, కాశ్మీర్ వైపు ప్రాజెక్ట్ బీకన్, ద్రాస్ వైపు ప్రాజెక్ట్ విజయక్, తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తారు. 2023లో 68 రోజుల మూత తర్వాత తెరిచారు, 2024లో 35 రోజులకు, 2025లో 32 రోజులకు. ఎవరు ఎక్కడిదాకా అన్నది ముందే తేలి ఉండడం వల్లే అది కుదురుతుంది. యంత్రాలు మెరుగయ్యాయి, నిజమే. కానీ యంత్రం తోయలేని మలుపుల్లో పార పట్టేది ఎవరనుకున్నారు? జార్ఖండ్‌లోని దుమ్కా సంతాలులు. తరతరాలుగా వాళ్ల ఊళ్లో మంచన్నది లేదు. 2020 జూన్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగానే దుమ్కా నుంచి ప్రత్యేక రైలులో సుమారు 1,600 మంది కూలీలు సరిహద్దు రోడ్ల పనికి బయల్దేరారు. ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ స్వయంగా వచ్చి పంపించారు. కూలి, బీమా, ప్రయాణం గురించి షరతులు మాట్లాడుకున్నాకే పంపారు. మాట్లాడుకోవాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోండి. అదే కనుమ కింద ఇప్పుడు మన హైదరాబాద్ మేఘా కంపెనీ సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వుతోంది. అది పూర్తయితే పైన పార పట్టే పని చాలావరకు తప్పుతుంది. కాశ్మీర్ లోయలో రైలుపట్టాల మీద మంచు తోసే యంత్రాలు తిరుగుతుంటే టీవీలో చూసి మా మిల్లువాళ్లం మీసం దువ్వుకుని గర్వపడతాం. దేశంలో పట్టాలంటే ఏళ్ల తరబడి భిలాయి పట్టాలే కదా.

ఇక మా జూలై.

జూన్ మధ్యలో రుతుపవనం ఛత్తీస్‌గఢ్ చేరుతుంది. ఏడాదికి పడే పన్నెండు వందల మిల్లీమీటర్లలో చాలా భాగం మూడు నెలల్లో కుమ్మరించి పోతుంది. గుల్‌మోహర్ కొమ్మ విరిగి వీధికి అడ్డం పడుతుంది, కాలువ పొంగుతుంది, పట్టాల కింది అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఊరు రెండు ముక్కలవుతుంది. ఏడాదికి మూడు నెలలు, క్యాలెండర్ ప్రకారం వచ్చేదాన్ని విపత్తు అనడం నాకు నచ్చదు. మాంట్రియల్‌లో జనవరిని ఎవరూ విపత్తు అనరు.

చిక్కు ఎక్కడుందంటే, మా ఊరు ఒక ఊరు కాదు. సెక్టార్లలో రోడ్లు, కాలువలు చూసేది ప్లాంటు. సుపేలా, పవర్ హౌస్, నెహ్రూ నగర్, ఖుర్సీపార్ చూసేది భిలాయి నగర నిగమ్, అంటే నగరపాలక సంస్థ. రిసాలీకి వేరే నిగమ్. చరోదా వైపు ఇంకోటి, దుర్గ్‌కి ఇంకోటి. జి.ఇ. రోడ్డు జాతీయ రహదారి. అండర్‌బ్రిడ్జి దగ్గర రైల్వే కూడా కలుస్తుంది. వాన నీళ్లకు ఈ సరిహద్దులేవీ తెలీవు. సెక్టార్ కాలువలో దిగిన నీళ్లు నిగమ్ కాలువలోకి పోవాలి. రెండూ కలిసే ఆ పది మీటర్లు ఎవరిది? ప్రతి ఏడాదీ పూడిపోయేది ఆ పది మీటర్లే. ఎవరినడిగినా అవతలివాడి వైపు వేలు చూపిస్తారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కూడా అనలేం, కాగితం మీద అది నిజంగానే ఎవరిదీ కాదేమో.

మిల్లులో ఇలా కుదరదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది, షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్‌లో రాయాలి: ఏ స్టాండ్‌లో ఏం తేడా ఉంది, ఏ పని సగంలో ఆగింది, ఎవరు చూడాలి. రాయకుండా పోయినవాడు మర్నాడు ఫోర్‌మన్ ముందు నిలబడాలి. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్యనుంచి వస్తుంటే "అది మా షిఫ్ట్‌ది కాదు" అనే మాట చెల్లదు. ఇంత పద్ధతి నేర్చిన వేల మంది ఉన్న ఊళ్లో వానాకాలపు కాలువకు ఒక లాగ్‌బుక్ లేదంటే నాకు నమ్మబుద్ధి కాదు.

నేను అడిగేది సైరన్లు, ప్లౌలు, వేడినీళ్ల గొట్టాలు కాదు. మే 31 లోపు ఈ సంస్థలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక జాబితా రాయాలి. గంటకు ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ఏ గ్యాంగ్ ఎక్కడికి కదలాలి. ముందు సెక్టార్ 9 ఆసుపత్రి దారులు, తర్వాత బడుల చుట్టూ, అండర్‌బ్రిడ్జిలు, ఖుర్సీపార్ లాంటి పల్లపు బస్తీలు, ఆ తర్వాత అవెన్యూలు. విరిగిన చెట్టు ఎన్ని గంటల్లో తీస్తారు. కాలువలు కలిసే ప్రతి చోటుకీ ఒక నెంబరు, ఆ నెంబరుకి ఒక బాధ్యుడు, అతని ఫోన్. కాలువలోకి దిగే కాంట్రాక్టు కూలీకి బూట్లు, చేతితొడుగులు, బీమా, దుమ్కా వాళ్లకు షరతులు రాసినట్టే రాసి. ఈ జాబితాను సివిక్ సెంటర్‌లో, రేషన్ దుకాణాల దగ్గర, గుళ్ల దగ్గర, హిందీలోనూ తెలుగులోనూ అంటించాలి. సెప్టెంబరులో మళ్లీ కూర్చుని ఏది తప్పిందో రాయాలి.

ఇలా రాస్తే జనం దాన్ని పట్టుకుని అధికారుల్ని వేధిస్తారని మా బృందంలోనే ఒక రిటైర్డు ఆఫీసరు గారు అన్నారు. నిజమే, వేధిస్తారు. అందుకోసమే రాయమంటున్నాను. ఆయనకున్న రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది: వరుస రాస్తే ఎవరో ఒకరి వీధి చివరికి పోతుంది, వాళ్లు ఊరుకోరు, రాజకీయం మొదలవుతుంది. ఇప్పుడు కూడా ఎవరిదో ఒకరిది చివరే కదండీ, రాసి లేదంతే, అన్నాను. మా స్ట్రీట్ ఎత్తు మీద ఉంది, నీళ్లు నిలవవు. న్యాయంగా రాస్తే చివరి పేజీలో వస్తుంది. రానివ్వండి. ఎన్నో నెంబరో, ఏ రోజుకి వస్తారో అందులో ఉంటే చాలు.